మాయమైన విజార్డ్ ఎక్కడున్నాడో గాబ్లిన్‌కి ఎలా తెలిసింది? డీ అండ్ డీలో ఇన్విజిబిలిటీ, స్టెల్త్

ప్రశ్న క్లుప్తంగా ఇది: డీ అండ్ డీలో (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలు వేస్తూ పాత్రలుగా ఆడే ఆట) మూడో లెవెల్ విజార్డ్, అంటే మంత్రగాడు, నాలుగు గాబ్లిన్లతో కొట్లాటలో ఉన్నాడు. తన మీద తనే ఇన్విజిబిలిటీ (మాయం చేసే మంత్రం) వేసుకుని 20 అడుగులు పక్కకి జరిగాడు. తర్వాతి వంతులో ఒక గాబ్లిన్ నేరుగా వాడి పక్క గడిలోకే వచ్చి, డిసడ్వాంటేజ్‌తో (రెండు పాచికలేసి తక్కువది తీసుకోవడం) కత్తి దెబ్బ వేసింది. "కనపడని మనిషి ఎక్కడున్నాడో దానికెలా తెలుసు? మాయమయ్యాక మళ్ళీ స్టెల్త్ చెక్ (నక్కి ఉండటానికి వేసే పాచిక) ఏమిటి? అలాగైతే రెండో లెవెల్ స్లాట్ (మంత్రాలకి ఉన్న కొద్ది వాటాల్లో ఒకటి) దండగే కదా? పైగా 2024 పుస్తకంలో ఇంకోలా రాసి ఉంది" అని అడిగారు.

సూటిగా జవాబు: 2014 రూల్స్ (ఐదో ఎడిషన్, అంటే 5ఈ) ప్రకారం మీ డీఎం (ఆట నడిపేవాడు) చేసింది సరైనదే. ఇన్విజిబుల్ అంటే కంటికి కనపడకపోవడం. హిడెన్ అంటే కనపడకపోవడంతో పాటు వినపడకపోవడం కూడా, అంటే ఎదుటివాడికి మీ ఆచూకీ తెలియకపోవడం. మొదటిది మంత్రం ఇస్తుంది. రెండోది హైడ్ యాక్షన్ తీసుకుని, స్టెల్త్ చెక్ వేసి సంపాదించుకోవాలి. మంత్రం వల్ల ఆ పని సులువవుతుంది, ఎందుకంటే దాక్కోవడానికి స్తంభమో తలుపో చీకటో వెతుక్కోనక్కరలేదు, నట్టనడి హాల్లో నిలబడి కూడా హైడ్ అనొచ్చు. స్లాట్ మాత్రం దండగ కాదు. లెక్క కింద ఉంది.

ఈ తేడా మనకి కొత్తదేమీ కాదు. దశరథుడు శబ్దవేధి. చీకట్లో ఏట్లో కడవ మునిగిన బుడబుడ చప్పుడు విని, ఏనుగనుకుని బాణం వేశాడు. కంటికి ఏమీ కనపడలేదు, కానీ ఎక్కడో తెలిసింది, బాణం తగిలింది. డీ అండ్ డీ భాషలో అది కనపడని టార్గెట్ మీద డిసడ్వాంటేజ్‌తో వేసిన దెబ్బ. ఇంద్రజిత్తు సంగతి వేరు. వాడి రూపమే కాదు, అల్లెతాటి మోత, రథచక్రాల చప్పుడు కూడా వానరసేనకి వినపడలేదు. వాడు ఇన్విజిబులూ, హిడెనూ. మీ విజార్డ్ ఇంకా కడవ దగ్గరే ఆగాడు.

ఆ గాబ్లిన్ వంతులో ఏం జరిగింది

2014 రూల్స్‌లో గాబ్లిన్ ఏసీ (దెబ్బ తగలాలంటే అందుకోవలసిన అంకె) 15, హెచ్‌పీ (ప్రాణం) 7, కత్తి దెబ్బకి పాచిక మీద కలిపేది +4, ప్యాసివ్ పర్సెప్షన్ (వెతక్కుండానే గమనించే శక్తి) 9. మీ విజార్డ్ డెక్స్టెరిటీ (చురుకుదనం) +2 అనుకుందాం. మేజ్ ఆర్మర్ (రక్షణ మంత్రం) కూడా ఉంటే ఏసీ 15. మామూలుగా అయితే గాబ్లిన్‌కి డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద 11 గానీ పైన గానీ పడాలి, అంటే నూటికి 50. డిసడ్వాంటేజ్‌తో రెండు పాచికలూ అలా పడాలి, నూటికి 25. హైడ్ అనకుండానే మీకు తగిలే దెబ్బలు సగమయ్యాయి.

అదొక్కటే కాదు. ఆపర్చునిటీ అటాక్ (పక్కనుంచి జారిపోయేవాడి మీద పడే అదనపు దెబ్బ) రూల్‌లో 'కనపడే శత్రువు' అని స్పష్టంగా ఉంది. కాబట్టి మాయమైనవాడు గాబ్లిన్ల మధ్య నుంచి జరిగి వెళ్ళిపోతే ఒక్క ఆపర్చునిటీ అటాక్ కూడా రాదు, డిస్‌ఎంగేజ్‌కి (ఆ దెబ్బ పడకుండా తప్పుకోవడానికి) యాక్షన్ ఖర్చు పెట్టక్కరలేదు. హోల్డ్ పర్సన్, మ్యాజిక్ మిసైల్, సేక్రెడ్ ఫ్లేమ్ లాంటి స్పెల్స్‌కి 'కనపడే' టార్గెట్ కావాలి, అవి మీ మీద పనిచేయవు. మీ ఆచూకీ తెలిసినా సరే, పనిచేయవు. ఇంతవరకూ మంత్రం ఒక్కదానితోనే వచ్చింది.

మరి గాబ్లిన్‌కి ఆచూకీ ఎలా తెలిసింది? ఇన్విజిబుల్ కండిషన్ (స్థితి) వివరణలోనే ఉంది: చేసే చప్పుడు బట్టీ, వదిలే అడుగుజాడలు బట్టీ మాయమైనవాడి చోటు కనిపెట్టవచ్చు. మీరు హైడ్ తీసుకోలేదు. ఆరు సెకన్ల రౌండ్‌లో మంత్రం గట్టిగా చదివి, అంగీ రెపరెపలాడించుకుంటూ నాలుగు గడులు పరిగెత్తారు. చప్పుడు దాచుకునే ప్రయత్నం చేశానని మీరు చెప్పనప్పుడు, శత్రువుకి మీరున్న గడి తెలుసనుకుని ఆడటమే ఎక్కువ టేబుళ్ళలో వాడుక.

హైడ్ అని ఉంటే

తర్వాతి వంతులో హైడ్ యాక్షన్ తీసుకున్నారనుకోండి. డీ20 + 2, ఎదురుగా ప్యాసివ్ పర్సెప్షన్ 9. పాచిక మీద 8 గానీ పైన గానీ పడితే మొత్తం 10 దాకా వచ్చి 9ని దాటేస్తుంది, నూటికి 65. దాటాక 30 అడుగులు జరిగారు. ఒక గడి 5 అడుగులు కాబట్టి ఏ దిక్కుకైనా ఆరు గడులు. ఖాళీ మైదానంలో అయితే 13×13, అంటే 169 గడుల్లో మీరు ఎక్కడైనా ఉండొచ్చు. రెండు గడుల వెడల్పు సొరంగంలో అయితే 26 గడులే. అందుకే ఇరుకు గుహలో ఇన్విజిబిలిటీకి సగం విలువ పోతుంది. దారి మొత్తం గాబ్లిన్లు నిలబడితే మీరు వాటి గడుల్లోంచి దూరిపోలేరు కూడా, మాయమైనా ఒళ్ళు ఒళ్ళే.

శత్రువు ఊహించి ఒక గడిని కొట్టవచ్చు. ఆ గడిలో మీరు లేకపోతే పాచిక 20 పడినా తగలదు. ఇక్కడ డీఎం "అక్కడెవరూ లేరు" అనకూడదు, "తగల్లేదు" అనాలి. గడి తప్పా, దెబ్బ తప్పిందా అన్నది కొట్టినవాడికి తెలియకూడదు. ఇది మీరు మాయమైన శత్రువుని కొడుతున్నప్పుడూ అంతే.

స్టెల్త్ ఒక్కసారే వేస్తారు, ఆ అంకెని ఎదురున్న ప్రతి జీవి ప్యాసివ్ పర్సెప్షన్‌తో విడివిడిగా పోలుస్తారు. ఇక్కడే చాలామంది ఒక విషయం మర్చిపోతారు. గాబ్లిన్లతో తోడేలుందనుకోండి. తోడేలు ప్యాసివ్ 13, పైగా వినికిడికీ వాసనకీ దానికి అడ్వాంటేజ్ (రెండు పాచికల్లో ఎక్కువది తీసుకోవడం) ఉంది. అడ్వాంటేజ్ ఉంటే ప్యాసివ్‌కి 5 కలపాలి, 18 అవుతుంది. +2 ఉన్న విజార్డ్ దాన్ని దాటాలంటే పాచిక మీద 17 పడాలి, నూటికి 20. గాబ్లిన్లకి దొరకనివాడు తోడేలుకి దొరికిపోతాడు. అది మొరిగి, తిన్నగా మీ వైపు మూతి తిప్పిందా, దాని యజమానులకీ దిక్కు తెలిసిపోయింది.

"మాయమైతే స్టెల్త్‌కి ఎంత కలుస్తుంది?"

సున్నా. 5ఈలో ఇన్విజిబుల్ కండిషన్ స్టెల్త్ చెక్‌కి ఏమీ కలపదు. ఈ అపోహ పాత ఆటగాళ్ళ నుంచి వచ్చింది. పాత 3.5 ఎడిషన్‌లో కదలకుండా ఉన్న ఇన్విజిబుల్ జీవికి హైడ్ చెక్ మీద +40, కదులుతుంటే +20 ఉండేది. ఆ అలవాటుతో ఇప్పుడు కూడా అడ్వాంటేజ్ అడుగుతుంటారు. పాస్ వితౌట్ ట్రేస్ అనే స్పెల్ మాత్రం నిజంగానే +10 ఇస్తుంది. అది కూడా రెండో లెవెల్ స్పెల్లే, ఒక గంట, 30 అడుగుల లోపున్న మీ వాళ్ళందరికీ. అడివిలో నలుగురు కలిసి నక్కి వెళ్ళాలంటే ఒక్కడికి ఇన్విజిబిలిటీ కంటే అదే మేలని నా లెక్క. ఒకటి డ్రూయిడ్, ఒకటి విజార్డ్ వేస్తే రెండూ కలిపి వాడుకోవచ్చు. ఒక్కడే వేయాలంటే కుదరదు, రెండింటికీ కాన్సంట్రేషన్ (ధ్యాస నిలపడం, ఒకసారికి ఒక్క మంత్రానికే కుదురుతుంది) కావాలి.

కవచం సంగతి కూడా. ప్యాడెడ్, రింగ్ మెయిల్, చైన్ మెయిల్, స్కేల్ మెయిల్, హాఫ్ ప్లేట్, స్ప్లింట్, ప్లేట్ వీటన్నిటికీ స్టెల్త్ మీద డిసడ్వాంటేజ్. ప్లేట్ ఆర్మర్ మాయమైనా దాని గలగల మాయం కాదు. పాలడిన్‌ని మాయం చేసి కోటలోకి పంపే పథకాలు తొంభై శాతం ఇక్కడే చెడతాయి (శాతం నా కోపంలోంచి వచ్చింది, లెక్కలోంచి కాదు).

ఒక వంతులో రెండు పనులు కుదరవు

మీకు అసలు దెబ్బ తగిలింది ఇక్కడ. ఇన్విజిబిలిటీ వేయడానికి ఒక యాక్షన్. హైడ్‌కి ఇంకో యాక్షన్. వంతుకి ఉండేది ఒక్కటే. కాబట్టి మంత్రం వేసిన రౌండ్‌లో మీరు కనపడరు గానీ దొరుకుతారు. ఆ ఒక్క రౌండ్ సందులోనే గాబ్లిన్ వచ్చింది.

దీనికి మూడు దారులున్నాయి. కొట్లాట మొదలవక ముందే వేసుకోవడం ఒకటి. మంత్రం గంట సేపు నిలుస్తుంది, అంత వ్యవధి ఇచ్చింది నిఘాకీ దొంగతనానికీ, కత్తులు దూసాక వాడటానికి కాదు. రెండోది, వేసుకున్నాక దూరం జరగడం, వీలైతే తలుపు వేసేయడం. 2014 రూల్స్ కోసం వచ్చిన డీఎం స్క్రీన్ మీద వినికిడి దూరాల పట్టిక ఉంది: జాగ్రత్తగా కదిలేవాడి చప్పుడు 2డీ6×5 (రెండు ఆరు ముఖాల పాచికల మొత్తం ఇంటూ 5) అడుగులు వినపడుతుంది, సగటున 35. మామూలు చప్పుడు 2డీ6×10, సగటున 70. బాగా గట్టిదైతే 2డీ6×50. ఈ పట్టికని డీఎంకి చూపించి, "ఇంత దూరం దాటితే హైడ్ లేకపోయినా గడి తెలియదు అనుకుందామా?" అని ముందే మాట్లాడుకోవచ్చు. మూడోది రోగ్ (దొంగ పాత్ర). రెండో లెవెల్‌లో వచ్చే కన్నింగ్ యాక్షన్‌తో రోగ్ బోనస్ యాక్షన్‌గా (యాక్షన్ కాకుండా అదనంగా దొరికే చిన్న పని) హైడ్ చేస్తాడు. విజార్డ్ వాడిని తాకి మంత్రం వేస్తే, వాడి వంతు రాగానే యాక్షన్ చేతిలో ఉండగానే దాక్కుంటాడు. గాబ్లిన్లకి కూడా నింబుల్ ఎస్కేప్ అని ఇలాంటిదే ఉంది, స్టెల్త్ +6 వేరే. మాయం చేసే కషాయం ఒకటి తాగిన గాబ్లిన్‌ని తక్కువ అంచనా వేయకండి.

మంత్రం ఎప్పుడు విడిపోతుంది

2014 మాట: టార్గెట్ దాడి చేసినా, స్పెల్ వేసినా విడిపోతుంది. దాడి అంటే అటాక్ రోల్ వేసేది. గ్రాపుల్ (పట్టుకోవడం), షవ్ (తోయడం) కూడా ఆ పుస్తకంలో ప్రత్యేక మెలీ అటాక్‌లే కాబట్టి వాటితోనూ విడిపోతుంది. మీట లాగడం, తలుపు తీయడం, పడిపోయినవాడి నోట్లో హీలింగ్ పోషన్ పోయడం, హెల్ప్ యాక్షన్, నేల మీద కాల్ట్రాప్స్ (ఇనప ముళ్ళు) చల్లడం, ఇవేవీ దాడి కాదు. ఆల్కెమిస్ట్స్ ఫైర్ సీసా విసరడం దాడే, దానికి అటాక్ రోల్ ఉంది.

2024లో మాట మారింది: అటాక్ రోల్ వేసినా, డ్యామేజ్ చేసినా, స్పెల్ వేసినా. ఈ చిన్న మార్పుకి రెండు వైపులా ఫలితాలున్నాయి. క్లెరిక్ (పూజారి పాత్ర) ముందే స్పిరిట్ గార్డియన్స్ (చుట్టూ ఉన్న శత్రువులకి డ్యామేజ్ చేసే మంత్రం) వేసుకున్నాడు, తర్వాత విజార్డ్ వాడిని మాయం చేశాడు. 2014లో వాడు శత్రువుల మధ్య తిరుగుతూ డ్యామేజ్ చేస్తున్నా మాయంగానే ఉంటాడు. 2024లో మొదటి డ్యామేజ్‌తోనే బయటపడతాడు. గ్రాపుల్‌ది ఎదురు కథ: 2024లో దానికి అటాక్ రోల్ లేదు, ఎదుటివాడు సేవ్ (తప్పించుకునే పాచిక) వేస్తాడు, డ్యామేజ్ లేదు. అక్షరాలా చదివితే మాయంగా ఉంటూనే శత్రువు మెడ పట్టుకోవచ్చు.

పై జాబితాలో లేకపోయినా టేబుల్ మీద తరచూ మంత్రాన్ని చెడగొట్టేది కాన్సంట్రేషన్. కనపడనివాడి మీద కత్తి గురి తప్పుతుంది గానీ ఫైర్‌బాల్‌కి కళ్ళు అక్కరలేదు, 20 అడుగుల వ్యాసార్ధంలో ఉన్నవాడు ఎవడైనా ఒకటే. డ్యామేజ్ పడితే మంత్రం వేసినవాడు కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేయాలి. డీసీ (అందుకోవలసిన అంకె) 10, లేదా తగిలిన డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. మంత్రం వేసింది విజార్డ్, మాయమైంది రోగ్ అయితే, విజార్డ్‌కి తగిలిన దెబ్బకి రోగ్ శత్రువుల గదిలో నడుమ ప్రత్యక్షమవుతాడు. కాబట్టి రోగ్ లోపలికి వెళ్ళినంతసేపూ విజార్డ్‌ని వెనకాల భద్రంగా కూర్చోబెట్టండి.

ఒంటి మీద ఉన్నవీ చేతిలో ఉన్నవీ మాయం. తీసుకున్న సంచీ మాయమవుతుంది, కింద పెట్టిన దీపం కనపడుతుంది. చేతిలో వెలిగే కాగడా సంగతి 5ఈ తేల్చలేదు. కాగడా కనపడదు, గోడ మీద వెలుగు కనపడుతుంది అనేదే నాకు సబబుగా తోస్తుంది. డార్క్‌విజన్ (చీకట్లో చూపు) లేనివాళ్ళు మాయమై చీకటి గుహలోకి వెళ్ళే ముందు ఇది అడిగి తేల్చుకోవాలి.

2024 పుస్తకం ఎక్కడ తికమక పెట్టింది

2024 సెప్టెంబర్‌లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ దాక్కున్నవాడికీ, మంత్రంతో మాయమైనవాడికీ ఒకే కండిషన్ పేరు పెట్టింది: ఇన్విజిబుల్. మీరు చూసిన తేడా ఇదే.

కొత్త హైడ్ ఇలా ఉంటుంది. మీరు హెవీలీ అబ్‌స్క్యూర్డ్ (చూపు ఆనని) చోట గానీ, కనీసం మూడొంతుల కవర్ (అడ్డు) వెనక గానీ ఉండాలి. ఏ శత్రువు చూపులోనూ ఉండకూడదు. డీసీ 15 స్టెల్త్ చెక్ గెలవాలి. గెలిస్తే ఇన్విజిబుల్ కండిషన్ వస్తుంది, మీకు పడిన మొత్తమే మిమ్మల్ని వెతికేవాళ్ళకి డీసీ. గుసగుస కంటే గట్టి చప్పుడు చేసినా, శత్రువు కనిపెట్టినా, అటాక్ రోల్ వేసినా, నోటితో చదవాల్సిన స్పెల్ వేసినా పోతుంది. +2 ఉన్న మీ విజార్డ్ ఈ 15 దాటే అవకాశం నూటికి 40. +7 ఉన్న రోగ్‌కి 65. ఎదురుగా చెవిటి గాబ్లిన్ ఉన్నా అదే 15. ఇది నాకు నచ్చని మార్పు. శత్రువు చురుకుదనానికి మొదటి మెట్టులో విలువే లేకుండా పోయింది.

తికమక రెండు చోట్ల ఉంది. ఒకటి, పాత కండిషన్‌లో 'దాక్కునే విషయంలో ఇన్విజిబుల్ జీవిని హెవీలీ అబ్‌స్క్యూర్డ్‌గా లెక్కించాలి' అనే వాక్యం ఉండేది, కొత్తదాంట్లో లేదు. అక్షరాలా పట్టుకుంటే మంత్రంతో మాయమైనవాడు ఖాళీ హాలు మధ్యలో హైడ్ తీసుకోలేడు! ఈ అర్థంతో ఆడితే మంత్రానికి ప్రాణమే పోతుంది. పాత వాక్యాన్నే కొనసాగించమని మీ డీఎంని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. రెండు, మామూలుగా స్తంభం వెనక దాక్కుని ఇన్విజిబుల్ తెచ్చుకున్న రోగ్ తర్వాత వెలుతురులోకి నడిచి వస్తే ఏమవుతుంది? కవర్ వదిలితే కండిషన్ పోతుందని పుస్తకం విడిగా చెప్పలేదు, 'శత్రువు కనిపెడితే' అని మాత్రమే ఉంది. కాపలావాడి మొహం ముందు నుంచి నడిచి వెళ్ళేవాడు కనిపెట్టబడ్డట్టే అనుకోవడం నా పద్ధతి. కాపలావాడు అటు తిరిగి ఉంటే రెండు స్తంభాల మధ్య దాటనివ్వడం కూడా నా పద్ధతే.

మేలు కూడా చేసింది. 2014లో సీ ఇన్విజిబిలిటీ (మాయమైనవి చూడనిచ్చే మంత్రం) వేసుకున్నవాడు మిమ్మల్ని చక్కగా చూస్తున్నా, కండిషన్‌లోని అడ్వాంటేజ్, డిసడ్వాంటేజ్ వాక్యం విడిగా ఉండటంతో అవి ఇంకా వర్తిస్తాయని వాదించేవాళ్ళు. కొత్తదాంట్లో 'చూడగలిగినవాడి మీద ఈ మేలు ఉండదు' అని తేల్చేశారు. ఇనిషియేటివ్ (వంతుల వరస తేల్చే పాచిక) వేసేటప్పుడు ఇన్విజిబుల్‌గా ఉంటే దాని మీద అడ్వాంటేజ్ అన్నది కూడా కొత్తే.

అడ్వాంటేజ్‌లు రద్దయ్యే చోట్లు

దట్టమైన పొగమంచులో గానీ, ఇద్దరికీ చూపు లేని చీకట్లో గానీ కొట్టుకుంటే, కొట్టేవాడు ఎదుటివాడిని చూడలేడు కాబట్టి డిసడ్వాంటేజ్, ఎదుటివాడు కొట్టేవాడిని చూడలేడు కాబట్టి అడ్వాంటేజ్. రెండూ రద్దయి మామూలు పాచిక మిగులుతుంది. ఇద్దరు ఇన్విజిబుల్ జీవులు కొట్టుకున్నా ఇదే. కాబట్టి మాయమైన శత్రువు చేతిలో ఓడిపోతున్న పార్టీ (జట్టు) ఫాగ్ క్లౌడ్ (పొగమంచు మంత్రం) వేసుకుంటే వాడి అడ్వాంటేజ్ పోతుంది. వినడానికి పిచ్చి ఆలోచనలా ఉంటుంది, పనిచేస్తుంది. కానీ ఆచూకీ ప్రశ్న అలాగే ఉంటుంది, మీ రోగ్ స్నీక్ అటాక్ (అదనపు డ్యామేజ్ ఇచ్చే దెబ్బ) కూడా కష్టమవుతుంది.

గ్రేటర్ ఇన్విజిబిలిటీ

నాలుగో లెవెల్, ఒక్క నిమిషం, అంటే పది రౌండ్లు. దాడి చేసినా విడిపోదు. దీన్ని రోగ్ మీద వేస్తే ప్రతి దెబ్బకీ అడ్వాంటేజ్, దానితో స్నీక్ అటాక్. +5 ఉన్నవాడు ఏసీ 15 మీద మామూలుగా నూటికి 55, అడ్వాంటేజ్‌తో దాదాపు 80. కానీ ఒకటి గుర్తుంచుకోండి: కొట్టిన వెంటనే, తగిలినా తప్పినా, ఉన్న చోటు బయటపడుతుంది. అందుకే క్రమం ఇలా ఉండాలి: ముందు కొట్టు, తర్వాత బోనస్ యాక్షన్‌తో హైడ్, ఆ తర్వాత జరుగు. హైడ్ చేయకముందే జరిగితే అడుగుల చప్పుడు వెంట గురి కూడా వస్తుంది. స్పెల్ వేసేవాడు దీన్ని వేసుకుంటే ఇంకో లాభం, కౌంటర్‌స్పెల్ (ఎదుటివాడి స్పెల్‌ని ఆపే స్పెల్) వేసేవాడికి మీరు స్పెల్ వేయడం కనపడాలి, కనపడరు.

శత్రువే మాయమైతే

ఫేరీ ఫైర్ (ఒంటిని మెరిపించే మంత్రం) మొదటి లెవెల్‌లోనే ఉంది, 20 అడుగుల క్యూబ్, డెక్స్టెరిటీ సేవ్. తప్పినవాడికి ఇన్విజిబిలిటీ లాభం పోతుంది, పైగా వాడి మీద అందరికీ అడ్వాంటేజ్. అది లేకపోతే రెడీ యాక్షన్: "వాడు నన్ను కొట్టగానే తిరిగి కొడతాను" అని చెప్పి ఆగండి. కొట్టిన క్షణంలో చోటు తెలుస్తుంది, మీ దెబ్బ డిసడ్వాంటేజ్‌తోనైనా సరైన గడికి వెళ్తుంది. దీనికి మీ రియాక్షన్ ఖర్చవుతుంది. గుమ్మంలో నిలబడి దారి మూయడం మొదటి రౌండ్‌లోనే చేయాలి.

వస్తువులూ ఉన్నాయి. కాల్ట్రాప్స్ సంచీ ఒక బంగారు నాణెం, ఒక గడి కప్పుతుంది, డీసీ 15. బాల్ బేరింగ్‌లు వెయ్యి ఒక నాణెం, పది అడుగుల చదరం కప్పుతాయి, డీసీ 10, తప్పితే పడిపోతాడు. ఇవి పడేయడమే కాదు, ఎక్కడ గలగలమన్నాయో చెబుతాయి. ఇక పిండి. పౌండు పిండి రెండు రాగి నాణేలని ధరల పట్టికలో ఉంది గానీ, దాన్ని చల్లితే ఏమవుతుందని రూల్ లేదు. గాల్లో చల్లిన ముగ్గుపిండిలా కొంత నేల మీద పడుతుంది, కొంత మనిషి మీద. నేల మీద పడ్డ పిండిలో అడుగులు కనపడటం కండిషన్ మాటకే సరిపోతుంది, దాన్ని ధైర్యంగా ఒప్పుకోవచ్చు. ఒంటి మీద పడ్డది మంత్రాన్నే పోగొడుతుందంటే మాత్రం ఒప్పుకోకండి, రెండు రాగి నాణేలతో రెండో లెవెల్ స్పెల్‌ని కొట్టేస్తే ఇంకెవరూ ఆ స్పెల్ తీసుకోరు.

డీఎం కోసం రెండు మాటలు

మీ డీఎం ఇది చదువుతుంటే: మాయమైనవాడి బొమ్మని బోర్డు మీద ఉంచి "గాబ్లిన్లకి తెలియదనుకోండి" అని ఆడితే ఎవరికీ కుదరదు, కళ్ళు అటే పోతాయి. బొమ్మ తీసేసి, చివరిసారి ఆచూకీ తెలిసిన గడిలో ఒక రూపాయి బిళ్ళ పెట్టండి. ఆటగాడు అసలు గడిని చీటీ మీద రాసుకోవాలి. శత్రువులు బిళ్ళ వైపే వస్తారు, బిళ్ళ చుట్టూ కొడతారు. చప్పుడైతే బిళ్ళ జరుగుతుంది. ఆన్‌లైన్‌లో అయితే టోకెన్‌ని దాచేసి బిళ్ళ బదులు ఇంకో గుర్తు పెట్టండి. "గాబ్లిన్ ఎలా వచ్చింది?" అనే గొడవ దీంతోనే చాలావరకు రాదు. బిళ్ళ ఎక్కడుందో ఆటగాడికి ముందే కనపడుతుంది కాబట్టి, హైడ్ తీసుకోవాలా వద్దా అని తనే తేల్చుకుంటాడు.

ఈ స్థితులని మాటల్లో ఇంకా శుభ్రంగా విడదీసిన ఆట పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్. అక్కడ కన్సీల్డ్ అంటే మసకగా కనపడటం, దెబ్బకి ముందు డీసీ 5 ఫ్లాట్ చెక్ (ఏమీ కలపకుండా వేసే డీ20). హిడెన్ అంటే గడి తెలుసు, మనిషి కనపడడు, ఫ్లాట్ చెక్ డీసీ 11, నూటికి 50. అన్‌డిటెక్టెడ్ అంటే గడి కూడా తెలియదు. అన్‌నోటీస్డ్ అంటే అసలు అక్కడ ఒకడున్నాడనే తెలియదు. అందరూ చూస్తుండగా మాయమైనవాడు మొదట హిడెనే, స్నీక్ చేసి జరిగాకే అన్‌డిటెక్టెడ్ అవుతాడు. జాగ్రత్త: ఆ ఆటలో హిడెన్ అన్న మాటకి అర్థం 5ఈ హిడెన్‌కి సరిగ్గా ఎదురు. రెండు ఆటలూ ఆడే టేబుల్‌లో ఈ ఒక్క మాట మీదే అరగంట వాదన నడుస్తుంది.

మీ మూడో లెవెల్ విజార్డ్‌కి రెండో లెవెల్ స్లాట్‌లు రెండే ఉంటాయి. వచ్చే సెషన్‌లో గాబ్లిన్ గుహ మిగిలి ఉంటే, ఒకటి గుహ బయటే రోగ్ మీద వేసి వాడిని ముందు పంపండి. తోడేలు ఉందో లేదో వాడు చూసి వచ్చేదాకా రెండోది ఖర్చు పెట్టకండి.